దుప్పి దొర చెప్పింది కథా, కబురా?

ఫ్రాన్సు దేశంలో ఒకచోట ద్రాక్షతోటలు అయిపోయి చెస్ట్‌నట్ చెట్ల కొండ మొదలవుతుంది. కొండ కింద నది, నది పక్కన తడి పచ్చిక. ఆ పచ్చికలో పెద్దబాతులు గూళ్ళు పెట్టుకునేవి, కుందేళ్ళు బొరియలు తవ్వుకునేవి, బర్నబే అనే ముసలి ఎద్దు మేస్తూ ఉండేవాడు. కొండ మీద ఒక్తావ్ అనే దుప్పి ఉండేవాడు.

ఒక్తావ్ చిన్నతనంలోనే వేటగాళ్ళ వల్ల తల్లిని పోగొట్టుకున్నాడు. ఒంటరిగా తిరుగుతూ తనలో తాను మాట్లాడుకోవడం అలవాటైంది. ఆ మాటలే పెరిగి పెరిగి కథలయ్యాయి. గోరువంకలు వాటిని కంఠస్థం చేసి లోయంతా వినిపించేవి. పెద్దబాతులు గుడ్లు పొదుగుతూ వినేవి. బర్నబే నెమరు వేస్తూ వినేవాడు. సగం అర్థం కాకపోయినా అందరి కళ్ళూ తడయ్యేవి.

అప్పట్లో లోయకి రాజు ఒక అడవిపంది. ఒక ఏడు చలి ముదిరి తిండి కరువైతే, గింజలన్నీ తన గుహలో దాచుకుంది. ఆకలికి తాళలేక జంతువులన్నీ కలిసి దాన్ని తరిమేశాయి. తరిమాక ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడనంత గోల. కుర్రకారు కొందరు, నది అవతలి తోడేళ్ళని పిలిచి కాపలా పెట్టుకుందాం అన్నారు. వాళ్ళని పిలవడానికి ఇద్దరు రేవు దాకా వెళ్ళారు కూడా.

అప్పుడు ఒక్తావ్ కొండ దిగి వచ్చి బండ మీద నిలబడి మాట్లాడాడు. పొద్దున్న మొదలుపెట్టి ఎండ నడినెత్తికి వచ్చేదాకా మాట్లాడాడు. ఇంత కష్టపడి విడిపించుకున్న తిండిని తోడేళ్ళ నోటి ముందు పెట్టొద్దన్నాడు. రేవు దాకా వెళ్ళినవాళ్ళు సిగ్గుపడి వెనక్కి వచ్చారు. తోడేళ్ళు అవతలి ఒడ్డునే ఉండిపోయాయి. ఆ సాయంత్రమే అందరూ ఒక్తావ్‌ని నాయకుడిగా ఎన్నుకున్నారు.

చిక్కు ఆ తర్వాత మొదలైంది.

"అయ్యా, రేవు పక్కన ముళ్ళకంప వెయ్యమంటారా, వద్దంటారా?" అని బర్నబే అడిగాడు.

"బర్నబే, పూర్వం ఒక ఏరు తన ఒడ్డుని అడిగిందట, నువ్వు నన్ను ఆపుతున్నావా, నడిపిస్తున్నావా అని," అంటూ మొదలుపెట్టాడు ఒక్తావ్.

బర్నబే చివరిదాకా విన్నాడు. చాలా బాగుంది. తిరిగి వస్తుంటే క్లోతిల్ద్ అనే పెద్దబాతు దారిలో కలిసింది.

"ఏమన్నారు బావా?"

"ఏరు గురించి చెప్పారు."

"కంప సంగతి?"

"అదే తెలీలేదు. వెయ్యమన్నట్టే ఉంది. మళ్ళీ వద్దన్నట్టూ ఉంది."

సగం కంప వేసి ఊరుకున్నారు.

పచ్చిక అంచున ఫిర్మేన్ అనే నక్క కాపురం. బాతుల గుడ్ల మీద వాడికి ఎన్నాళ్ళ నుంచో కన్ను. కానీ బాతుల ముక్కులు, బర్నబే కొమ్ములు దాటి వెళ్ళే దారి కనిపించలేదు. ఇప్పుడు కనిపించింది. ఒక్తావ్ ఆ వారం కొత్త కథ కట్టాడు. మంచు కమ్మిన ఒక ఉదయం తోడేళ్ళు రేవు దాటి ఒక లోయ మీద పడడం, జంతువులు గూళ్ళు వదిలి కొండెక్కడం, చివరికి ఏకమై తిరగబడి గెలవడం, అదీ కథ. గోరువంకలు దాన్ని నేర్చుకుని కొండ దిగుతుంటే ఫిర్మేన్ ఎదురెళ్ళాడు.

"అమ్మాయిలూ, కథ చాలా పెద్దదిట కదా. అందరూ పనుల్లో ఉన్నారు. పూర్వం ఒకానొక లోయలో అంటూ మొదలుపెడితే ఎవరు వింటారు? అసలు ముక్క ఏదో అది చెప్పండి చాలు."

"మరి ముగింపో?" అంది ఒక గోరువంక.

"వినాలనుంటే వాళ్ళే అడుగుతారు."

గోరువంకలకి సబబుగానే తోచింది. మంచు కమ్మి ఉన్న పొద్దున పచ్చిక మీద ఎగురుతూ వినిపించాయి. "తోడేళ్ళు రేవు దాటాయి. గూళ్ళు వదలండి, కొండెక్కండి. ఒక్తావ్ గారి మాట, ఒక్తావ్ గారి మాట."

పచ్చికంతా లేచింది. ఎటు పరిగెత్తాలో తెలియక కుందేళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. క్లోతిల్ద్ గుడ్ల మీంచి లేచింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. పక్క గూటి బాతులు పోతుంటే తనూ వెళ్ళింది. బర్నబే మంచులో పడి కొండెక్కుతుంటే పక్కన ఎవరో రొప్పుతూ పరిగెడుతున్నారు. చూస్తే ఒక్తావ్.

"బర్నబే, తోడేళ్ళొచ్చాయట కదా. ఎవరు చెప్పారు?"

"మీరేనయ్యా."

"నేనా? ఎప్పుడు?"

"ఇందాకే. గోరువంకలు చెప్పాయి. మీ మాటే అన్నాయి."

ఒక్తావ్ కాస్త వేగం తగ్గించి ఆలోచించాడు. తను చెప్పినట్టు గుర్తులేదు. కానీ ఇంతమంది పరిగెడుతున్నారు. "నేనే చెప్పానంటే ఏదో తెలిసే చెప్పి ఉంటాను," అని మళ్ళీ పరిగెత్తాడు.

మంచు విడిపోయాక పైనుంచి చూస్తే రేవులో ఎవరూ లేరు. దిగి వచ్చేసరికి గూళ్ళలో పెంకులే ఉన్నాయి. ఫిర్మేన్ కూడా ఎక్కడినుంచో రొప్పుకుంటూ వచ్చి, "అయ్యో, నేనూ కొండెక్కాను అక్కా, లేకపోతే కాపలా ఉండేవాణ్ణి," అన్నాడు.

క్లోతిల్ద్ పెంకులన్నీ ఏరి ఒకచోటికి చేర్చింది. తర్వాత ఒక్తావ్ దగ్గరికి వెళ్ళింది.

"తోడేళ్ళు ఏవయ్యా?"

"అది కథమ్మా. కథలో తోడేళ్ళు."

"కథ అని మాకెలా తెలుస్తుంది? తోడేళ్ళని పిలవొద్దని మాట్లాడిన నోరూ ఇదే, కథ చెప్పిన నోరూ ఇదే."

ఒక్తావ్ కదిలిపోయాడు. పోయిన పిల్లల గురించి, తన తల్లి గురించి, గూడు గురించి మాట్లాడాడు. విన్నవాళ్ళంతా ఏడ్చారు, ఫిర్మేన్ అందరికంటే గట్టిగా. ఇళ్ళకి పోతూ బర్నబే అన్నాడు, "ఇంతకీ గుడ్లు తిన్నదెవరో తేలిందా?" ఏం తేలిందో ఎవరికీ తెలియదు.

ఒక్తావ్‌కీ తెలియదు. ఆ రోజు నుంచి మేత సరిగా ముట్టలేదు. తన మాట తన నోట్లోంచి వెళ్ళాక ఏమవుతోందో అతనికి అంతుపట్టలేదు.

బాతులు మళ్ళీ గుడ్లు పెట్టాయి. ఎండలు మొదలయ్యాయి. ఒకనాడు ఒక్తావ్ కొండ కొమ్ము నుంచి చూస్తే, ఎగువ కొండల మీది మంచు ఒక్కసారిగా కరిగి నది ఎర్రటి బురదతో దిగివస్తోంది. గబగబా పచ్చికలోకి వచ్చాడు. అందరూ చేరారు.

"మిత్రులారా, దూరపు కొండలు తమ తెల్లని వస్త్రం విడిచిపెట్టాయి," అన్నాడు.

కొందరు హాయిగా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. కొందరు భయంగా లేచి నిలబడ్డారు. క్లోతిల్ద్ ముందుకొచ్చింది.

"ఆగండి. ఇది కథా, కబురా?"

ఆ మాట అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"కబురు," అన్నాడు చివరికి.

"ఏమవుతుంది?"

"వరదొస్తుంది."

"ఎప్పటికి?"

"రేపు పొద్దెక్కేసరికి."

"మమ్మల్నేం చెయ్యమంటారు?"

"కొండ మీదికి రండి. గుడ్లతో సహా."

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అతను అంత క్లుప్తంగా మాట్లాడడం వాళ్ళెప్పుడూ వినలేదు. ఫిర్మేన్ నవ్వు ఆపుకుంటూ, "దొరగారు చెప్పాక వెళ్ళాల్సిందే. వెళ్ళండి, వెళ్ళండి," అన్నాడు. కంగారుపడాల్సిన నక్క ఎందుకు నవ్వుతోందో క్లోతిల్ద్‌కి అప్పుడు తట్టింది.

బాతులు పెద్ద చెట్టుబెరడు మీద నాచు పరిచి గుడ్లు పేర్చాయి. బర్నబే ఆ బెరడుకి కట్టిన తీగ మెడకి తగిలించుకుని, మలుపుల్లో ఆగుతూ, మెల్లగా కొండ మీదికి లాగాడు. క్లోతిల్ద్ మాత్రం వెనక ఉండి, ఒక్కో గూట్లో గులకరాళ్ళు పెట్టి మీద ఈకలు కప్పింది. బాతులు మేతకి పోయేటప్పుడు గుడ్లు కప్పేది అలాగే.

వరద కూడా కథే అనీ, గుడ్లన్నీ మోసుకెళ్ళి ఉండరనీ అనుకున్న ఫిర్మేన్ తెల్లవారాక ఖాళీ పచ్చికలోకి దర్జాగా నడిచాడు. మొదటి గూట్లో ఈకలు తొలగించి రాయి కొరికాడు. రెండో గూట్లోనూ రాయే. ఎక్కడో ఒకచోట ఉండకపోతాయా అని గూడు గూడూ వెతుక్కుంటూ రేవు దాకా పోయాడు. తలెత్తి చూస్తే నీళ్ళు మూడు వైపుల నుంచీ వస్తున్నాయి. పట్టుకోవడానికి కొమ్మ దొరికేలోపు వరద వాణ్ణి ఎత్తుకుని నది అవతల, తోడేళ్ళ ఒడ్డున పడేసింది. తర్వాత లోయలో వాణ్ణి ఎవరూ చూడలేదు.

నీళ్ళు తీశాక మళ్ళీ నాయకుణ్ణి ఎన్నుకునే రోజు వచ్చింది. ఒక్తావ్ పేరు చెప్పినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిగతా అందరూ క్లోతిల్ద్ అన్నారు.

ఒక్తావ్ బర్నబేని పక్కకి పిలిచాడు. "వరద సంగతి చెప్పింది నేను కదా?"

"మీరేనయ్యా. కానీ మాకు అర్థమయ్యేలా చెప్పించింది క్లోతిల్ద్."

"తోడేళ్ళని ఆపింది?"

"అదీ మీరే. మర్చిపోలేదయ్యా."

"మరి?"

బర్నబే చాలాసేపు నెమరు వేశాడు. "మీ మాటలంటే మాకు ప్రాణం. కానీ విన్న ప్రతిసారీ పరిగెత్తాలో కూర్చోవాలో తెలీక చచ్చిపోతున్నాం. ఇకనుంచి కూర్చుని వింటాం."

అది మెప్పో, తీసేయడమో ఒక్తావ్‌కి తెలియలేదు. సంతోషించాలో బాధపడాలో కూడా తెలియలేదు. కొమ్ములు వంచి నమస్కారం పెట్టి, కొండ దారి పట్టి వెళ్ళిపోయాడు.

నీతి: నలుగురిని నడిపించేవాడి మాట ఎంత బాగుందన్నది తర్వాత, విన్నవాడికి ఏం చెయ్యాలో తెలిసిందా అన్నది ముందు.