సూరప్ప మేస్త్రి వోల్టేజి కొలవమన్న పూట

సూరప్ప మేస్త్రి దగ్గర ప్రశ్నకు జవాబు ఉండదు, పని ఉంటుంది. నలభయ్యో ఏట కాయిళ్ళు చుట్టడం నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరిన దేవకరుణ ఒక ఉదయం అడిగింది: "మేస్త్రిగారూ, కరెంటు 230 వోల్టులని ఊరందరికీ తెలుసు. మళ్ళీ ప్రతిచోటా కొలవమంటారేం?"

ఆయన విననట్టే మీటరు సంచీలో పెట్టుకుని సైకిలెక్కాడు. కొల్లేటి ఒడ్డున భూషయ్య బాతుగుడ్లు పొదిగించే పెట్టెకు వేడి చాలడం లేదని కబురొచ్చింది. అందులో కాయిలు దేవకరుణ చుట్టిందే. మేస్త్రి చెయ్యి తగలకుండా ఆమె ఒక్కతే చేసిన మొదటి పని అది.

వాళ్ళు వెళ్ళేసరికి భూషయ్య గుమ్మంలోనే అందుకున్నాడు. "గుడ్లు చల్లబడిపోతున్నాయ్! గాజులు వేసుకునే చేతికి తీగెలిస్తే ఇంతే మరి!"

దేవకరుణ కరెంటు కొలిచింది. మూడు ఆంపియర్లు. 230ని మూడుతో భాగిస్తే డెబ్బై ఏడు ఓములు. వెయ్యి వాట్ల కాయిలుకు యాభై మూడే ఉండాలి. "నాదే తప్పండీ, తీగ ఎక్కువ చుట్టాను, అందుకే వేడి తగ్గింది," అంది.

"అయితే ఎక్కువైన తీగ కొయ్యి!" అని భూషయ్య కటింగ్‌ప్లేయరు ఆమె చేతిలో పెట్టాడు.

మేస్త్రి గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగిస్తూ, "ఆ 230 ఎవరిచ్చారమ్మా?" అన్నాడు.

ఆమె ఆగింది. మీటరు తీగల మొనలు కాయిలు రెండు చివర్లా ఆనించింది. నూట యాభై తొమ్మిది వోల్టులు. చుట్టూ చేపల చెరువుల మోటార్లన్నీ ఒకేసారి తిరుగుతూ వోల్టేజిని దించేశాయి. నూట యాభై తొమ్మిదిని మూడుతో భాగించింది. యాభై మూడు. మూడుతో గుణించింది. నాలుగు వందల డెబ్బై ఏడు వాట్లు. కాయిలు సరిగ్గానే ఉంది. దానికి అందుతున్నదే సగం.

ఆమె కటింగ్‌ప్లేయరు కింద పెట్టేసింది. "కొయ్యనండి."

"ఏవన్నావ్?"

"ఇప్పుడు కోస్తే వేడొస్తుంది. మోటార్లు ఆగి వోల్టేజి లేచాక దానికి రెట్టింపు వస్తుంది. పిల్లలు కాదు, ఉడకేసిన గుడ్లు తీస్తారు మీరు."

"కొయ్యకపోతే ఈ లంకల్లో నీ చేతి పని ఎవడూ ముట్టుకోకుండా చేస్తాను!"

"ముట్టుకోకండి. నేను మాత్రం కొయ్యను. దుప్పట్లుంటే తెండి."

భూషయ్య తిడుతూనే దుప్పట్లు తెచ్చాడు. ఆమె పెట్టె చుట్టూ గడ్డి కూరి, పైన దుప్పట్లు కప్పి, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. పొద్దు వాలే వేళకు చెరువుల మోటార్లు ఒక్కొక్కటీ ఆగాయి. మీటరు 230 దగ్గరికి పాకింది. పెట్టె తలుపు వీపుకు వెచ్చగా తగిలింది. లోపలి గుడ్డొకటి తీసి భూషయ్య చెవికి ఆనించుకున్నాడు. ముక్కుతో పొడుస్తున్న చప్పుడు. ఆయన కటింగ్‌ప్లేయరు తీసి చూరులో దోపేశాడు.

తిరుగుదారిలో దేవకరుణ ఛాతీ విరుచుకుని నడిచింది. "చూశారా మేస్త్రిగారూ, కాయిలు మీద ఈగ వాలనివ్వలేదు!"

సూరప్ప సైకిలు నడిపించుకుంటూ, "చూశాను," అన్నాడు. "అంతకుముందు, వోల్టేజి కొలవకుండానే తప్పు దేవకరుణదే అన్నావే, ఆ దేవకరుణ తరఫున ఎవరు నిలబడ్డారమ్మా?"