ద్వారబంధం మీది గాడి

అనగనగా మన ఊరూ, మన సముద్రం, ఇంకా బోలెడు ఊళ్ళూ సముద్రాలూ దాటి వెళితే, చలికి చెరువులు గడ్డకట్టే దేశంలో ఓ ఊరుందిట. ఊ కొడుతున్నావా లాస్యా? కొట్టకపోతే ఆపేస్తాను. ఇది రాక్షసుల కథ కాదే. రాక్షసులైతే బావుండును, మనకింత సిగ్గుండేది కాదు.

ఆ ఊళ్ళో స్తెఫా అని ఒకావిడ. ఆవిడ పక్కింట్లో యూదులు. యూదులంటే వాళ్ళ పూజలు వేరు, పండగలు వేరు, అంతే. ఆకలీ దగ్గూ మనలాగే. మనం గడపకి పసుపు రాయమూ? వాళ్ళు ద్వారబంధానికి కుడిపక్కన ఏటవాలుగా చిన్న గాడి చెక్కి, దేవుడి మాట రాసిన తోలు చుట్ట అందులో పెట్టుకుంటారుట. వస్తూ పోతూ దాన్ని తాకి, ఆ వేళ్ళు ముద్దు పెట్టుకుంటారుట. ఆ ఇంటి పిల్ల రిఫ్కా మునివేళ్ళ మీద లేచి మరీ తాకేది. శనివారం వాళ్ళు నిప్పు ముట్టుకోరు. అంచేత స్తెఫాయే వెళ్ళి పొయ్యి రాజేసేది. జడలా అల్లిన రొట్టె చేతిలో పెట్టేవారు. తినేది, బావుందనేది.

ఊ కొట్టండి. ఆ దేశం మీదికి దండెత్తి వచ్చిన దొర ఒకడు, యూదులన్నవాళ్ళే ఉండకూడదన్నాడుట. సిపాయిలొచ్చి వాళ్ళందర్నీ రైళ్ళలో కుక్కి తీసుకుపోయారు. ఎందుకేమిటే, చంపెయ్యడానికి. ఊరంతా కిటికీ తెరలు లాక్కుని, సందులోంచి చూసింది. స్తెఫా కూడానూ.

మర్నాడు స్తెఫా పక్కింట్లోకి వెళ్ళింది. అయ్యో, ఇత్తడి గిన్నె, ఎవరైనా ఎత్తుకుపోతారు, వాళ్ళొచ్చేదాకా దాస్తానని గిన్నె తెచ్చుకుంది. గిన్నె వచ్చిందా, మూత ఒంటరిదైపోయిందని మూత తెచ్చుకుంది. మూత వచ్చిందా, పెట్టుకోడానికి అలమర తెచ్చుకుంది. అలమర పట్టడానికి గది చాల్లేదు. అంచేత గిన్నే, మూతా, అలమరా అన్నీ పట్టుకుని తనే వాళ్ళింట్లోకి మారిపోయింది! నవ్వకండర్రా. నవ్వొస్తుంది, నాకూ తెలుసు. దొంగబుద్ధి అలాగే వస్తుంది, చిన్నగా. తోలు చుట్ట పొయ్యిలో పడేసి, గాడిలో లక్క నింపి, పైన రంగు వేయించింది.

యుద్ధం సాగుతుండగానే కొడుక్కి పొరుగూరి సంబంధం చేసింది. కోడలు హాన్కా కళ్ళున్న పిల్ల. ద్వారబంధానికి ఈ అతుకేమిటత్తయ్యా అంటే, చెద పట్టిందే, తాతలనాటి ఇల్లు కదా అందిట స్తెఫా.

యుద్ధం అయిపోయింది. ఓ మధ్యాహ్నం ఒక ఆడపిల్ల వచ్చింది. గుండు మీద అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు, ఒంటి మీద ఎవరిదో కోటు. మన రిఫ్కాయే! ఇంటిల్లిపాదిలో మిగిలింది అదొక్కతే. ఇది మా ఇల్లండీ అందిట. స్తెఫా మొహం చిట్లించుకుని, నువ్వెవరో నేనెరగను, ఇది మా తాతలిల్లు, పో పొమ్మందిట. ఎరగదూ! వాళ్ళ రొట్టె తిన్న నోటితోనే అంది. చెబుతుంటే నాకే తల కొట్టేసినట్టుంది.

రిఫ్కాకి వాదించే ఓపిక లేదు. వెనక్కి తిరిగింది. గుమ్మం దాటుతుంటే చెయ్యి దానంతటదే లేచింది. సరిగ్గా ఆ లక్క మీద ఆనింది. వేళ్ళు పెదాలకి తగిలాయి. తనేం చేసిందో ఆ పిల్లకే తెలీదు.

హాన్కా చూసింది. గబగబా చాకు తెచ్చి లక్కంతా గీకింది. కింద గాడి, ఏటవాలుగా, ఖాళీగా.

"మన తాతలిల్లు ఈ పిల్ల చేతికెలా తెలుసత్తయ్యా?" అందిట.

స్తెఫా అక్కడే చతికిలబడి చేతుల్లో మొహం దాచుకుంది. హాన్కా బట్టలు మూటకట్టి, ఈ ఇంట్లో ఇంక మెతుకు ముట్టనని పక్కనున్న అత్తగారి పాత ఇంటికి నడిచింది. వెనకాలే మొగుడు. ఆఖర్న స్తెఫా.

రిఫ్కా తన ఇంట్లోకి వెళ్ళింది. మర్నాడు స్తెఫా తప్పయిపోయిందని చెప్పడానికి వచ్చి, లోపలికి కాలు పెట్టలేకపోయింది. రోజూ వచ్చేది, మెట్టు మీద కూర్చునేది, వెళ్ళిపోయేది. ఒకనాడు రిఫ్కా బయటికొచ్చి అదే మెట్టు మీద, కాస్త ఎడంగా కూర్చుంది. క్షమించానందా? అనలేదు. పొమ్మందా? అదీ అనలేదు.

అందరూ సుఖంగా ఉన్నారని చెప్పాలి కథ చివర. ఇల్లు దక్కింది, అమ్మానాన్నా దక్కలేదు. నాకు నోరు రావడం లేదే. పక్కింటివాళ్ళని లాక్కుపోతుంటే మీరు మాత్రం తెర లాక్కోకండర్రా.

కథేమో కంచికి పోయింది. మనం మనింటికే పోదాం. పక్కవాళ్ళింటికి కాదు.