మావటి రాయించిన నూరాకులు

రాజుగారికి తెలియని విద్య లేదని వారం వారం దండోరా వేయించుకునే రాజ్యం ఒకటి ఉండేది. అక్కడి మంత్రి కేశవభట్టుకు ఒకటే దిగులు.

"మహారాజా! పనివాళ్ల బుర్రల్లో ఉన్న విద్య మనది కాదు. రాయించి, పెట్టెలో పెట్టి తాళం వేస్తేనే మనది" అన్నాడు. రాజు తలూపాడు.

మొదట గోడలకు సున్నం నూరే గానుగవాళ్ల చేత చెప్పించి రాయించారు. మర్నాడే వాళ్లను ఊళ్లోంచి గెంటేశారు. పని తెలిసినవాడి నోట్లోంచి పని లాక్కుని, ఆ నోట్లోనే మట్టి కొట్టడం ఏలేవాళ్లకు కొత్తా?

తరువాతి వంతు మావటులది. వాళ్ల పెద్ద ముసలి పోలన్న. రోజూ సాయంత్రం పదిమంది మావటులూ ఏనుగులకు తాటాకులో చుట్టిన రాగిముద్దలు పెడుతూ, ఏది కుంటుతోంది, ఏది చిరాకు పడుతోంది అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. కొత్తగా చేరినవాడు పని నేర్చుకునేదీ అక్కడే.

కేశవభట్టు ఆ ముచ్చట్లు మాన్పించాడు. "రాజ్యరహస్యం పదిమంది నోళ్లలో నానకూడదు. ఇకమీదట ఒకరికొకరు ఏమీ చెప్పుకోవద్దు. గ్రంథం ఒక్కటే, తాళంచెవి నా దగ్గరే. ఏమోయ్ పోలన్నా, నువ్వు చెప్పు, లేఖకుడు రాస్తాడు" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు పోలన్నకు నచ్చలేదు. 'చెప్పకపోతే కొరడా. చెబితే పది కుటుంబాల కూడు పోతుంది' అనుకున్నాడు. అయినా ఒక్క ముక్క దాచకుండా మూడు రోజులు చెప్పాడు. నూరు తాటాకులు నిండాయి.

నాలుగో రోజు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మారాజా, ఇక మాతో పనిలేదని మంత్రిగారు అంటున్నారు. మంచిదే. గ్రంథం చూసుకుంటూ పట్టపుటేనుగును వారే ఒకసారి ఎక్కితే, లోపమేదైనా ఉంటే సరిచేసి మరీ పోతాం."

"అదెంత పని!" అన్నాడు కేశవభట్టు.

అందరూ గజశాలకు వెళ్లారు. కేశవభట్టు ఏనుగు ఎదుట నిలబడి, కట్ట విప్పి, గొంతు సవరించుకున్నాడు. "మూడో ఆకు. ఏనుగు ముందు భయపడక నిలిచి..."

తొండం చాచి ఏనుగు కట్ట మొత్తం లాక్కుంది. ముద్ద కోసం వెతికింది. దొరక్కపోయేసరికి ఆకులే నమిలి మింగింది.

రాజు కళ్లెర్రజేశాడు. "పోలన్నా! ఏనుగు ఇలా చేస్తుందని తెలిసీ రాయించలేదా? కుట్రా?"

"రాయించాను మారాజా! చేత తాటాకు పట్టుకుని ఏనుగు దగ్గరికి పోరాదని తొంభయ్యో ఆకులో ఉంది. మంత్రిగారు ఇంకా మూడో ఆకు దగ్గరే ఉన్నారు."

"నోటితో చెప్పొచ్చుగా?"

"ఒకరికొకరు చెప్పుకోవద్దని ఆజ్ఞ కదా ప్రభూ!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన శాలువా తీసి పోలన్నకు కప్పాడు. "మావటులు ఎక్కడికీ పోరు. ముచ్చట్లు మానొద్దు. గానుగవాళ్లనూ వెనక్కి పిలిపించండి. భట్టుగారూ, సాయంత్రాలు మీరూ వెళ్లి కూర్చుని వినండి."

పోలన్న కదల్లేదు.

"ఏమయ్యా, ఇంకా అనుమానమేనా?"

"మావాళ్లు కొందరు వెనకాల ఉన్నారు మారాజా! వినబడి ఉండదు. ఇంకొక్కసారి గట్టిగా సెలవియ్యండి."

రాజు ఇంకా పెద్దగా నవ్వి, గజశాల మారుమోగేలా మళ్లీ చెప్పాడు. అప్పుడు గానీ పోలన్న దండం పెట్టలేదు.