చుక్కమ్మ వదులుకున్న కొలను

అనగనగా, నడి వేసవిలోనూ ఎండని కొలను ఉన్న ఒక అడవిలో, చుక్కమ్మ అనే గేదె ఉండేది. నుదుటి మీద తెల్లటి చుక్క ఉంది కాబట్టి దానికా పేరు.

చుక్కమ్మ చిన్న దూడగా ఉన్నప్పుడు ఆ నీళ్ళు ఎంత తేటగా ఉండేవో! నీళ్ళలో నిలబడి తల వంచితే తన గిట్టలు తనకే కనిపించేవి. చిట్టి చేపలు వచ్చి కాళ్ళకు చక్కిలిగింతలు పెట్టేవి. "ఇక చాలు, బయటికి రావే!" అని అమ్మ కసిరేదాకా చుక్కమ్మ కదిలేది కాదు.

అప్పట్లో మంద చిన్నది. ఏళ్ళు గడిచేకొద్దీ అది పెరిగింది. చుక్కమ్మే దానికి పెద్దదిక్కు అయింది. పొద్దున కొలనులో దిగిన గేదెలు పొద్దుగూకితే గానీ బయటికి వచ్చేవి కావు. మేసేది గట్టు మీద, పేడ వేసేది నీళ్ళలో.

మొదట్లో అంతా బాగానే ఉందనిపించింది. పేడ బలానికి నీటిమొక్కలు ఏపుగా పెరిగాయి. చేపలు బలిశాయి. కొంగలైతే "అంతా మీ చలవే తల్లీ!" అని మెచ్చుకున్నాయి.

తర్వాత నీళ్ళు పసరు రంగుకు తిరిగాయి. మీగడ కట్టినట్టు పచ్చటి తెట్టు పరుచుకుంది. ఎండ తగలక అడుగున మొక్కలు కుళ్ళాయి. ఒక వేసవిలో తెల్లవారేసరికి చేపలు నోళ్ళు తెరుచుకుని గుట్టలుగా తేలాయి.

కొర్రమీను మాత్రం బతికింది. అది పైకి వచ్చి గాలి పీల్చుకోగల చేప.

"ఏమైంది కొర్రమ్మా?" అని చుక్కమ్మ అడిగింది.

"కింద ఊపిరాడటం లేదక్కా. ఇదంతా మీ పేడ చేసిన పని. మేమూ మొదట్లో సంబరపడ్డాంలే. ఇప్పుడు ఎవరిని అనేది?" అంది కొర్రమీను.

చుక్కమ్మ వెంటనే మందను పిలిచింది. "ఇక మనం ఈ కొలనులో దిగొద్దు. దాహమైతే గట్టు మీంచే తాగుదాం. పొర్లాలంటే కొండ వెనక బురదగుంట ఉంది," అంది.

బురదగుంట ఇరుకు. పైగా ఈగల గోల. అయినా చుక్కమ్మ మాట మీద అన్నీ వెళ్ళాయి.

మరుసటి ఏడు చూస్తే నీళ్ళు పచ్చగానే ఉన్నాయి.

"మేం మానేశాం కదా కొర్రమ్మా!"

"మీరు మానేశారక్కా. కానీ అప్పుడు వేసింది అడుగు బురదలో ఉంది. అదే కొంచెం కొంచెంగా పైకి ఊరుతోంది."

ఆ పై ఏడూ అంతే. మందలో బొల్లిగాడు అనే కుర్ర దున్నపోతుకు విసుగు పుట్టింది. "అవ్వా, మనం దిగినా పచ్చనే, దిగకపోయినా పచ్చనే. ఈగలతో ఎందుకీ బాధ? పదండి, దిగుదాం!" అంది. సగం మంద దాని వెనక కదిలింది.

చుక్కమ్మ అడ్డంగా నిలబడింది. "మా అమ్మ నాకు ఎలాంటి నీళ్ళు అప్పజెప్పిందో నువ్వు చూడలేదురా. చూసి ఉంటే ఈ మాట అనవు. పాడు చేయడానికి మనకు ఇన్నేళ్ళు పట్టింది. బాగుపడటానికి దానికి రెండేళ్ళేనా ఇచ్చేది?"

బొల్లిగాడు తల దించుకుంది. మంద వెనక్కి తిరిగింది.

ఏడాది మీద ఏడాది గడిచింది. చుక్కమ్మకు చూపు మందగించింది. ఒక చలికాలం పొద్దున బొల్లిగాడు దాన్ని మెల్లగా గట్టు దాకా నడిపించుకొచ్చింది.

"తెట్టు విడిపోయిందవ్వా. అడుగున కొత్త మొక్కలు మొలిచాయని కొర్రమ్మ చెప్పింది. తాగి చూడు."

చుక్కమ్మ ఒక గుక్క తాగింది.

"నా చిన్ననాటి రుచి కాదురా ఇది. అది ఇక రాదేమో. కానీ ఇప్పుడివి హాయిగా తాగే నీళ్ళే," అంది. దాని కళ్ళు చెమర్చాయి.

అంతలో దూడలు కేరింతలు కొడుతూ నీళ్ళకేసి దూకబోయాయి. చుక్కమ్మ నోరు తెరిచేలోపే బొల్లిగాడు రంకె వేసింది. "ఆగండర్రా! గట్టు మీంచి తాగి వచ్చేయండి!"

చుక్కమ్మ నిశ్చింతగా బురదగుంట దారి పట్టింది.

నీతి: తప్పు మానగానే చెడింది బాగుపడదు. అది బాగుపడేదాకా ఓపిక పట్టడమే నిజంగా మానడం.