నాంచారి నీలి కుండలు

అనగనగా, బావుల కంటే మేడలే ఎక్కువున్న ఒక పట్నం. పేరు మెట్టపురం. పేరుకు తగ్గట్టు మెట్ట మీదే కట్టారు. నది చూద్దామంటే రెండు రోజుల ప్రయాణం. ఎండలు ముదిరితే చాలు, బావుల దగ్గర బిందెల కొట్లాటలే కొట్లాటలు!

ఆ పట్నాన్ని గజవర్మ అనే రాజు ఏలేవాడు. మంచివాడే, కాకపోతే కోపం ముందు, ఆలోచన వెనక. ఒక వేసవిలో బావులు అడుగంటాయి. రాజుగారికి అద్దకం వీధి మీద కోపం వచ్చింది.

"బట్టలకు రంగులద్దే వాళ్ళే బావులన్నీ తోడేస్తున్నారు. మూడో పున్నమి నాటికి పట్నానికి నీటి కరువు తీరాలి. తీర్చినవారికి నీళ్ళ వర్తకమంతా రాసిస్తాను. తీరకపోతే అద్దకం వీధి ఖాళీ చేయవలసిందే!" అని చాటింపు వేయించాడు.

అద్దకం వీధిలో నూరు గడప. తాతల నాటి రంగు తొట్లు, తాతల నాటి పని. ఎక్కడికని పోతారు? ఆడవాళ్ళు కొంగు నోట కుక్కుకుని ఏడ్చారు. ఆ వీధిలోనే నాంచారి ఉండేది. నీలిరంగు పనిలో చేతులు మోచేతుల దాకా నీలం పట్టిపోయిన మనిషి. ఆమె కూడా ఏడ్చింది. కరువుతీరా ఏడ్చి, ముఖం కడుక్కుని, "ఇక చాలు. ఏదో ఒకటి చేయాలి" అంది.

అయితే ఆమె కంటే ముందే ఇద్దరు బయలుదేరారు.

మొదటివాడు బండ్ల భైరవయ్య. "నది నీళ్ళు నేను తెస్తా!" అంటూ మీసం మెలేశాడు. నూరు బండ్లు కట్టించాడు. రెండు రోజులు పోవాలి, రెండు రోజులు రావాలి. దారిలో ఎద్దులకు దాహం వేయదా మరి? సగం నీళ్ళు అవే తాగాయి. మిగిలిన దాంట్లో సగం గతుకుల్లో ఒలికింది. పట్నం చేరిన నీళ్ళు గొప్పవాళ్ళ ఇళ్ళకూ రాజుగారి వంటశాలకూ సరిపోయాయి. ఊరి గొంతు తడవలేదు.

రెండోవాడు బావుల బసవన్న. "భూమి కడుపులో కావలసినన్ని నీళ్ళు!" అంటూ పాతాళానికి తవ్వాడు. నీళ్ళు పడ్డాయి. అబ్బ, ఎంత సంబరం! తీరా నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయం. ఆ నీళ్ళలో కందిపప్పు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉడికించినా పలుకు పలుకుగానే ఉంది. పట్నమంతా పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంది. పాపం, బసవన్న పలుగూ పారా భుజాన వేసుకుని, తల వంచుకుని ఇంటికి పోయాడు.

ఈ లోపల నాంచారి ఏం చేసింది? మూడు రోజులు బావుల దగ్గర ఊరికే కూర్చుంది. ఏ బిందె ఏ ఇంటికి పోతోంది, ఆ ఇంట్లో దేనికి వాడుతున్నారు, చూసింది. పది బిందెలు తోడితే తాగడానికీ వంటకూ పోయేది ఒక్కటి. మిగిలిన తొమ్మిదీ ఇటుకల బట్టీకి, ఏనుగుల సాలకు, వాకిళ్ళ కల్లాపికి, బట్టలు ఉతకడానికి, తోటలకు, రంగు తొట్లకు! ఆ తొమ్మిదిలో చాలా మటుకు చివరికి చేరేది పట్నం దిగువనున్న పెద్ద కాలువకు.

ఇదిగో పిల్లలూ, ముక్కులు మూసుకోకండి. కథ ఇప్పుడు మురుగు దగ్గరికి వస్తోంది.

నాంచారి కొలువుకు వెళ్ళి చేతులు జోడించింది. "ప్రభూ, నేను కొత్త నీళ్ళు తేలేను. మీరు పారబోసే నీళ్ళు నాకిప్పించండి."

కొలువంతా పకపకా నవ్వింది. భైరవయ్య అయితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమే నాంచారీ, మురుగుకు కూడా గిరాకీ ఉందా?"

రాజుకూ నవ్వొచ్చింది. "తీసుకో అమ్మా. ఉచితంగానే తీసుకో" అన్నాడు.

అద్దకం వీధిలో ముసలి ఓబులేసు మాత్రం ముఖం చిట్లించాడు. "ఇన్నాళ్ళూ రంగుల్లో చేతులు ముంచాం. ఇప్పుడు మురుగులో కూడానా, నాంచారమ్మా?"

"తాతా, మురికి పట్టిన బట్టను పారేస్తామా, ఉతుక్కుంటామా? నీళ్ళనూ ఉతుకుదాం" అంది నాంచారి.

తాత నవ్వేశాడు. పార అందుకున్నాడు. ఆయన వెనకే వీధి వీధంతా కదిలింది.

కాలువ పక్కన మూడు గుంటలు తవ్వారు. మొదటి గుంటలో నీళ్ళు నిలిచి మడ్డి అడుగున పేరుకునేది. రెండో గుంటలో ఇసుక, బొగ్గు పరిచి, తుంగ నాటారు. వాసన అక్కడే ఆగిపోయింది. మూడో గుంటలో సున్నపు తేట కలిపారు. నీళ్ళు తేటబడి అడుగున గులకరాళ్ళు కనిపించాయి.

మడ్డి ఎరువుకని రైతులు ఎగబడ్డారు. ఆ పొలాల్లో పొట్లకాయలు నేల తాకేలా కాశాయి! తోటల వాళ్ళు రెండో గుంట నీళ్ళు పట్టుకెళ్ళారు. ఇటుకల వాళ్ళు, తాపీపని వాళ్ళు, మావటివాళ్ళు కుండకింత అని కొనుక్కోవడానికి మూడో గుంట దగ్గర వరస కట్టారు. వాళ్ళెవరూ బావుల వైపు తొంగి చూడకపోయేసరికి బావుల్లో నీళ్ళు ఊరాయి. అమ్మలు కొట్లాట లేకుండా బిందెలు నింపుకున్నారు.

నాంచారి ఇంకో పని కూడా చేసింది. తన నీళ్ళు పోసే ప్రతి కుండకూ నీలిరంగు పట్టీ వేసింది. వీధి వీధినా డప్పు కొట్టించింది.

"నీలి కుండ నీళ్ళు పనులకే గాని తాగడానికి కాదు! ఇవి మురుగు కడిగిన నీళ్ళు, సున్నం కలిపిన నీళ్ళు! అనుమానం వస్తే చిటికెడు పసుపు వేసి చూడండి. పారాణిలా ఎర్రబడితే అవి నాంచారి నీళ్ళే!"

ఆ డప్పు తన వీధికి రాగానే భైరవయ్య కిటికీ తలుపులు వేయించాడు. మురుగుదాని మాట వినడం అతనికి నామోషీ.

తర్వాత గుట్టుగా నాంచారి దగ్గరికి వచ్చాడు. "చూడు, నీ నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆ నీలి పట్టీ చెరిపెయ్. నది నీళ్ళని అమ్ముదాం. నీకు సగం, నాకు సగం."

"తాగే పసివాడికి చెప్పకుండా ఎలా పోస్తానయ్యా? నా చేతులు నీలమే గాని మనసు నలుపు కాదు" అంది నాంచారి.

భైరవయ్య ఊరుకుంటాడా? మూడో పున్నమి ముందురోజు ఇటుకల వాళ్ళ వేషంలో మనుషులను పంపి ఆ నీళ్ళే కొనిపించాడు. కుండలు మార్పించి, తన బండ్లకెక్కించి, నది నీళ్ళని రాజుగారి వంటశాలకు అమ్మాడు. పసుపు సంగతి అతని మనుషులకు తెలుసు. కానీ అతనికి సలహా చెప్పినవాడికి చీవాట్లే గాని మెప్పు ఎన్నడూ లేదు. ఎవడు చెబుతాడు?

మూడో పున్నమి వచ్చింది. ఆ రోజే తీర్పు, ఆ రోజే రాజుగారి మనవడికి అన్నప్రాశన. వంటశాలలో గుండిగల నిండా పప్పు ఉడుకుతోంది. పెద్దవంటవాడు గుప్పెడు పసుపు వేసి గరిటె తిప్పాడు. "అమ్మో, నెత్తురు!" అని గరిటె పారేసి పరుగెత్తాడు. పప్పంతా ఎర్రెర్రగా కుతకుతలాడుతోంది.

"ఇది మురుగుదాని పనే! మీ బావిలో తన నీళ్ళు కలిపింది, ప్రభూ!" అని ముందుగా అరిచింది ఎవరనుకున్నారు? భైరవయ్యే.

రాజుకు కళ్ళెర్రబడ్డాయి. నాంచారిని పిలిపించాడు. "నా మనవడి నోట్లో మురుగు పోయిస్తావా? పొద్దు గూకేలోగా అద్దకం వీధి ఖాళీ కావాలి!"

నాంచారికి నూరు గడపలూ కళ్ళ ముందు మెదిలాయి. అయినా ఒక అడుగు ముందుకు వేసింది. "ప్రభూ, ఒక్క మాట. ఆ పప్పులో ఎవరి నీళ్ళు పోశారు?"

"భైరవయ్యగారి బండ్ల నీళ్ళేనమ్మా. నది నీళ్ళని ఇచ్చారు" అన్నాడు వంటవాడు.

"అయితే మూడు చెంబులూ ఇంత పసుపూ తెప్పించండి."

మొదటి చెంబులో కోట బావి నీళ్ళు. పసుపు పసుపుగానే ఉంది. రెండో చెంబులో నీలి కుండ నీళ్ళు. ఎర్రగా పారాణి! మూడో చెంబులో భైరవయ్య బండి నీళ్ళు. అదీ పారాణే!

"న... నది నీళ్ళు వేసవిలో అలాగే ఉంటాయి ప్రభూ" అన్నాడు భైరవయ్య, చెమట తుడుచుకుంటూ.

"అంత మంచి నీళ్ళయితే ఈ చెంబెడూ మీరే తాగండయ్యా" అంది నాంచారి.

భైరవయ్య చెంబు వంక చూశాడు. రాజు వంక చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకేం కావాలి? సభంతా గొల్లున నవ్వింది.

రాజు అతని నూరు బండ్లూ లాక్కుని మడ్డి మోయడానికి పెట్టించాడు. తోలేది కూడా భైరవయ్యే, ఏడాది పాటు!

తర్వాత గజవర్మ సింహాసనం దిగాడు. కాలినడకన అద్దకం వీధికి వెళ్ళాడు. "మిమ్మల్ని వెళ్ళగొడతానన్నాను. తప్పు నాది. క్షమించండి" అని నూరు గడపల ముందూ చేతులు జోడించాడు. నీళ్ళ వర్తకమంతా నాంచారి పేర రాగిరేకు మీద రాసిచ్చాడు. వీధిలో డోళ్ళు మోగాయి. ఓబులేసు తాత మోకాళ్ళ నొప్పి మరిచి గంతులేశాడు.

ఏడాది తిరగకుండా దేశంలోని పట్నాల పెద్దలంతా పల్లకీలెక్కి వచ్చారు. "మా మురుగు కూడా పుచ్చుకోండమ్మా!" అని బతిమాలారు. నీళ్ళు తోడేస్తున్నారని తిట్లు తిన్న అద్దకంవాళ్ళే, ఊరూరా వెళ్ళి నీళ్ళ విద్య నేర్పే గురువులయ్యారు.

విన్నారుగా పిల్లలూ! పనికిరాదని పదిమందీ పారబోసిన దాంట్లో పని వెతికేది తెలివి, అమ్మే సరుకు మంచీ చెడూ దాచకుండా చెప్పేది నిజాయితీ. ఆ రెండూ ఉన్న వర్తకుణ్ణి ఎవరూ ఓడించలేరు.