జ్వరం దిగిన ఉదయం

అనగనగా ఒక వెదురు అడవిలో, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, ముత్యాలు అనే ముంగిస తన కూతురు చుక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. అయిదు రోజులుగా కాలిపోయిన ఒళ్లు అది. వైద్యం చేసే తాబేలు తాత దాన్ని డెంగీ అన్నాడు.

ముందు ఉడుత వచ్చింది. "తగ్గిందా వదినా? ఇంకేం, తలంటు పోసెయ్యి!"

తర్వాత అడవిపిల్లి వచ్చింది. "పథ్యం నేను వండుతా పిన్నీ. పిల్లని పడుకోనీ."

ఆఖరున కోతి వచ్చింది. "జ్వరం తగ్గాక కూడా రెండు రోజులు కనిపెట్టుకుని ఉండమన్నాడా తాత? ఆయన నడకా అంతే, వైద్యమూ అంతే!"

అందరూ నవ్వారు. చుక్క నవ్వలేదు. రెప్ప వెయ్యకుండా గోడకేసి చూస్తోంది.

"అమ్మా, ఆవిడెవరు?"

గోడ మీద ఒక దోమ. కాళ్లకు తెల్లటి చారలు.

"ఎందుకొచ్చావు?" అంది ముత్యాలు.

"నా పని పది రోజుల కిందటే అయిపోయిందమ్మా. ఊరికే చూసిపోదామని," అంది దోమ మర్యాదగా. "మీరు రాత్రిళ్లు తలుపు బిగించుకుంటారు. నేను పగలు వస్తాను. మీ కుండలో నీళ్లు ఎంత తేటగా ఉంటాయో! నా పిల్లలు అందులోనే పెరిగారు."

ముత్యాలు చెయ్యి విసిరింది. గోడ ఖాళీగా ఉంది.

"కడుపు నొప్పమ్మా," అంది చుక్క. దాని చిగుళ్ల మీద సన్నటి ఎర్రగీత కనిపించింది.

"నీరసంలే వదినా, పడుకుంటే పోతుంది," అంది ఉడుత.

 ముత్యాలు బిడ్డను వీపున వేసుకుని తాబేలు తాత దగ్గరికి పరుగెత్తింది. నిన్నటిదాకా అడవంతా జ్వరాలతో మూలిగింది. ఇవాళ దారిలో ఏ గూటిలోనూ మూలుగు లేదు. ముత్యాలు ఇంకా వేగం పెంచింది.

తాబేలు తాత చుక్క నాడి చూశాడు. "ఇంకో పూట ఆగి ఉంటే, నేను చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు," అన్నాడు. రెండు రోజులు పక్కన కూర్చుని, గంట గంటకీ నాడి చూస్తూ, ఒంట్లోకి నీరు ఎక్కించాడు. మూడో రోజు చుక్క అన్నం అడిగింది.

ఇంటికి వస్తూనే ముత్యాలు కుండ బోర్లించి, తోమి, మూత పెట్టింది.

తొమ్మిది రోజుల తర్వాత దానికి తెలిసింది: ఆ వానాకాలం జ్వరాలకు అడవిలో ఏడుగురు పిల్లలు పోయారు. ఏడుగురికీ పోయే ముందురోజే జ్వరం తగ్గింది.

నీతి: డెంగీలో ఒళ్లు చల్లబడితే గండం గడిచిందనుకోకండి; ఆ రెండు రోజులే బిడ్డను కళ్లల్లో వత్తులు వేసుకుని చూడాలి.