మామిడితోపులో దొరికిన దోషి

వెనకటికి ఒకానొక రాజ్యంలో వీరభూపాలుడనే రాజుండేవాడు. మంచివాడే, దైవభక్తి ఉన్నవాడే. కానీ తాను క్షణం కూడా విశ్రమించనని పదిమందిలో చెప్పుకోవడం ఆయనకు మహా ఇష్టం. అంతటితో ఆగినా బాగుండేది. కొలువులో ఎవరూ సెలవు అడగకూడదని శాసనం కూడా చేశాడు.

ఆ ఏడు ఎండలు మండిపోతున్నాయి. ఆస్థాన సన్నాయి విద్వాంసుడు పైడయ్య ఒకనాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ఊపిరి నిలవడం లేదు. కొన్నాళ్ళు ఏటి ఒడ్డున మా అక్కగారి ఊళ్ళో ఉండి వస్తాను. ఇలాగే ఊదితే ఇక సన్నాయి పట్టలేనంటున్నారు వైద్యులు."

"నేను పడుకుంటున్నానా పైడయ్యా? రాజ్యం కంటే నీ సన్నాయి బరువా?" అన్నాడు రాజు.

సభంతా నవ్వింది. పైడయ్య తల దించుకుని వెళ్ళిపోయాడు. నవ్వనివాడు విదూషకుడు కొండుభట్టు ఒక్కడే.

కొద్దిరోజులకు అదే కొండుభట్టు రాజు ముందుకొచ్చి నసిగాడు.

"తమ శాసనాన్ని మీరినవాడొకడున్నాడు ప్రభూ. చెప్పడానికి నోరు రావడం లేదు."

"ఎవడు వాడు?"

"పెద్ద కొలువే. రాజ్యాన్నంతా కాపాడవలసినవాడు. తమ తాతగారు మాన్యాలిచ్చి మరీ కూర్చోబెట్టారు. ఎండలు ముదిరేసరికి ఇద్దరు భార్యలనూ వెంటబెట్టుకుని మామిడితోపుకు వెళ్ళిపోయాడు. ఒళ్ళంతా చందనం, చేతికందే పానకం, వట్టివేళ్ళ విసనకర్రలతో విసిరేవాళ్ళు."

"ఇద్దరినీనా?"

"పక్కపక్కనే ఉన్నారు ప్రభూ. పోట్లాట కూడా లేదు."

రాజు మొహం ఎర్రబడింది. "నేనిక్కడ మాడిపోతుంటే వాడికి చందనమా? పట్టండి సంకెళ్ళు. జనమంతా చూస్తుండగా నా చేత్తోనే వేస్తాను."

"ఒక్కసారి ఆలోచించండి ప్రభూ."

"వేస్తానన్నాను."

రాజు భటులనూ కొండుభట్టునూ వెంటబెట్టుకుని తోపుకు వెళ్ళాడు. జనం తొలగి దారిచ్చారు. చలువపందిరి కింద, చందనపు పూతలో, రుక్మిణీ సత్యభామల నడుమ వేణుగోపాలస్వామి కొలువై ఉన్నాడు.

ఏటా వేసవిలో స్వామి గుడి విడిచి చల్లదనానికి తోపుకొస్తాడు. పల్లకి కదిలేటప్పుడు మొదటి భుజం రాజుదే. అది తాతల నాటి ఆచారం. ఆ ఏడు తీరిక లేదని రాజు తనకు బదులు తన కత్తిని పంపి, ఆ సంగతే మరిచిపోయాడు. ఆ కత్తి ఇంకా పల్లకి కొమ్ముకు వేలాడుతూనే ఉంది.

పందిరి పక్కన పైడయ్య ఊదుతున్న రాగం మధ్యలో తెగి, దగ్గులో పడింది.

"ఎవరికి వేయమంటారు ప్రభూ?" అన్నాడు సంకెళ్ళు మోస్తున్న భటుడు, పాపం, తెలియక.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది రాజుకు. అర్చకుడు తీర్థం ఇవ్వబోతే చెయ్యి చాపలేకపోయాడు.

కొండుభట్టు మెల్లగా అన్నాడు. "ఆయన ఇక్కడున్న రోజుల్లో సూర్యుడు ఉదయించడం మానలేదు ప్రభూ. మనం ఒక్కపూట కూర్చుంటే మాత్రం రాజ్యం మునిగిపోతుందనుకుంటున్నాం."

"ఈ మాట నేను కత్తి పంపిననాడే చెప్పకపోయావా?"

"చెబుదామనే వచ్చాను. తమకు తీరిక లేదన్నారు."

కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే రాజుకు నవ్వొచ్చింది. పైడయ్య దగ్గరికి తానే నడిచి వెళ్ళాడు. "నా పల్లకి ఎక్కి మీ అక్కగారి ఊరు వెళ్ళు. ఊపిరి కుదుటపడ్డాకే రా. ఆనాటి నా మాట మనసులో పెట్టుకోకు."

"మరి స్వామికి సన్నాయి?"

"సేదదీరడానికి వచ్చిన స్వామి. కోయిల చాలులే."

తర్వాత కొండుభట్టు వైపు తిరిగాడు. "సంకెళ్ళు వేస్తానని అందరి ముందూ అన్నాను. చెయ్యి చాపు." తన బంగారు కడియం తీసి అతని మణికట్టుకు తొడిగాడు.

వానలు పడ్డాక పైడయ్య తిరిగొచ్చాడు. మునుపు సగంలో తెగిన రాగాన్ని ఆ సాయంత్రం గుడిలో తెంపు లేకుండా నిండుగా వాయించాడు. సెలవు శాసనం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అప్పటినుంచీ ఏటా రాజే మొదటి భుజం పట్టి, స్వామి తోపులో ఉన్నన్నాళ్ళూ తానూ అక్కడే ఉండేవాడు. కొలువుకు తిరిగొచ్చాక ఆయన తీర్పులు కూడా నెమ్మదిగా, నిదానంగా ఉండేవి. కానీ పల్లకి మోస్తున్నంతసేపూ తలెత్తేవాడు కాదు. కొత్తగా చూసినవాళ్ళు అది భక్తి అనుకునేవారు. అడిగితే, సంకెళ్ళ సంగతి తెలిసిన కొండుభట్టు కూడా భక్తే అని చెప్పేవాడు.